సంస్కృతం క్లాసులో ఎంపీసీ పిల్లలు

టైమ్ టేబుల్ వేయడమంటే ఏమిటని స్టాఫ్ రూంలో ఎవరినైనా అడగండి. మాస్టార్లను పీరియడ్లలో సర్దడం అంటారు. నేనూ ఆ మాటతోనే ఈ పనిలోకి వచ్చాను. జూన్ మొదట్లో పెద్ద డ్రాయింగ్ షీటు బల్ల మీద పరిచి, స్కేలుతో గళ్లు గీసి, ఎడమ వైపు నిలువుగా అధ్యాపకుల పేర్లు, పైన అడ్డంగా పీరియడ్లు. పెన్సిల్‌తో రాయడం, రబ్బరుతో చెరపడం, మళ్లీ రాయడం. షీటు మీద మొదటి వరస సీనియర్‌ది, చివరి వరస గెస్ట్ లెక్చరర్‌ది. పిల్లలకు ఆ షీటులో వరస లేదు. వాళ్ల టైమ్ టేబుల్ అంటే అందరి వరసలూ పూర్తయ్యాక అందులోంచి సెక్షన్‌వారీగా ఎత్తి రాసి, క్లాసు తలుపు పక్కన అంటించే కాగితం.

మా చీరాలలో ఈ అలవాటు గట్టిపడటానికి రైలు కూడా ఒక కారణమనుకుంటాను. ఊరు విజయవాడ – చెన్నై లైను మీద ఉంది. పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది ఇటు బాపట్ల, తెనాలి నుంచో, అటు ఒంగోలు నుంచో రోజూ వచ్చిపోతారు. రేపల్లె వాళ్లకైతే తెనాలిలో బండి మారే తిప్పలు అదనం. ఫస్ట్ పీరియడ్ వద్దని ఒకరు, లాస్ట్ పీరియడ్ వద్దని ఇంకొకరు, లీజర్లు రెండూ ఒకచోట పడేలా చూడమని మరొకరు అడుగుతారు. ఎవరి అవసరం వాళ్లది, ఒక్కటీ కాదనలేం. కాబట్టి టైమ్ టేబుల్ వేసేవాడి బుర్రలో ఎప్పుడూ అధ్యాపకులే తిరుగుతుంటారు.

హైస్కూల్లో ఇలా నడిచిపోతుంది. ఏడో తరగతి ఏ సెక్షన్ పిల్లలు ఉదయం ప్రార్థన నుంచి సాయంత్రం లాంగ్ బెల్ దాకా చాలావరకు ఒకే గదిలో ఉంటారు, మాస్టార్లే మారుతుంటారు. సెక్షన్ అన్న మాటకూ పిల్లలు అన్న మాటకూ అక్కడ తేడా పడదు. ప్రథమ భాషగా ఉర్దూ తీసుకున్న పిల్లలో, పదో తరగతిలో తెలుగుతోపాటు సంస్కృతం ఉండే కాంపోజిట్ కోర్సు వాళ్లో ఉన్నచోట మాత్రం సెక్షన్ కొన్ని గంటలపాటు విడిపోతుంది. అప్పుడు వేసేవాడు ఆ ఒక్క చోట జాగ్రత్తపడి దాటేస్తాడు.

జూనియర్ కాలేజీలో ఆ వీలు లేదు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని గ్రూపులు. వాటికి అడ్డంగా రెండో భాష: తెలుగు, సంస్కృతం, హిందీ. లెక్కలకు ఎంపీసీ ఒక గదిలో కూర్చుంటుంది. భాష గంట కొట్టగానే ఆ గది మూడు ముక్కలవుతుంది. ఒక ముక్క వెళ్లి బైపీసీ, సీఈసీల నుంచి వచ్చిన ముక్కలతో కలుస్తుంది. పిల్లలు తక్కువున్న ఏడాది ఫిజిక్స్‌కి ఎంపీసీనీ బైపీసీనీ ఒకే హాల్లో కూర్చోబెడతారు. ప్రాక్టికల్స్‌కి మళ్లీ బ్యాచ్‌లు. ఒకే అమ్మాయి ఉదయం నుంచి సాయంత్రం దాకా నాలుగు రకాల గుంపుల్లోకి వెళ్లి వస్తుంది. కాలేజీ రికార్డుల్లో ఆమె ఒక గ్రూపు మనిషి. రోజు గడిచే తీరులో కాదు.

నేను పనిచేసిన ఒక కాలేజీలో సంస్కృతం చెప్పే పెద్దాయన ఉండేవారు. కొత్త షీటు గోడకెక్కగానే అందరూ తమ వరస చూసుకునేవాళ్లు, ఆయన మాత్రం లెక్కల వరస చూసేవారు. "నా గంటలో లెక్కలాయన ఎక్కడున్నారో చూస్తున్నానమ్మా. నా క్లాసులో కూర్చునేది మీ పిల్లలేగా!" అనేవారు. అప్పటికి అది పెద్దవాళ్ల చాదస్తంలా వినిపించింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాకే ఆ చూపు విలువ తెలిసింది.

మేం వాడినది ఫెట్. రొమేనియాకు చెందిన లివియు లాలెస్కు 2002లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. అందులో పీరియడ్లూ రోజులూ చెప్పాక పిల్లల గురించి మూడు మెట్లలో చెప్పాలి: ఇయర్, గ్రూప్, సబ్‌గ్రూప్. కాలేజీ భాషకు అలవాటుపడిన చెయ్యి ఏం చేస్తుంది? ఎంపీసీ అని ఒకటి, బైపీసీ అని ఒకటి, సీఈసీ అని ఒకటి టైపు చేస్తుంది. తర్వాత భాషల సంగతి గుర్తొచ్చి సంస్కృతం, తెలుగు, హిందీ అని ఇంకో మూడు చేరుస్తుంది. ఆరు పేర్లూ చక్కగా వరసలో కనిపిస్తాయి. బటన్ నొక్కితే కొద్ది నిమిషాల్లో టైమ్ టేబుల్ వస్తుంది. ఎక్కడా ఢీకొన్నట్టు హెచ్చరిక రాదు. ఏ అధ్యాపకుడికీ ఒకే గంటలో రెండు క్లాసులు ఉండవు, ఏ గదికీ రెండు పాఠాలు పడవు. మంగళవారం మూడో పీరియడ్‌లో మాత్రం ఎంపీసీకి లెక్కలు ఉంటాయి, అదే పీరియడ్‌లో సంస్కృతమూ ఉంటుంది.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు లేదు. రెండు గ్రూపులకు ఉమ్మడిగా ఒక్క సబ్‌గ్రూప్ కూడా లేకపోతే ఆ రెండింటిలోనూ ఉమ్మడి పిల్లలు లేరనే అది అనుకుంటుంది. అలా అనుకోమని చెప్పింది మనమే. ఎంపీసీ అన్న పేరు వెనకా సంస్కృతం అన్న పేరు వెనకా ఒకే ముఖాలు ఉన్నాయని ఆ పెద్దాయనకు తెలుసు, ప్యూనుకు తెలుసు, మధ్యాహ్నం వరండాలో పుస్తకాలు పట్టుకుని గదులు మారే పిల్లలకు తెలుసు. కంప్యూటర్‌కు ఒకరు చెబితేనే తెలుస్తుంది.

చెప్పే తీరు కష్టమైనది కాదు. ఫస్టియర్ అని ఒకే ఇయర్ పెట్టి, దాన్ని రెండు రకాలుగా విభజించమనాలి. ఒక విభజన ఎంపీసీ, బైపీసీ, సీఈసీ. ఇంకో విభజన తెలుగు, సంస్కృతం, హిందీ. ఫెట్ ఈ రెండింటినీ గుణించి తొమ్మిది సబ్‌గ్రూపులు తానే తయారుచేస్తుంది: ఎంపీసీ–తెలుగు, ఎంపీసీ–సంస్కృతం, అలా సీఈసీ–హిందీ దాకా. నామినల్ రోల్ పక్కన పెట్టుకుని చూసి, వాటిలో ఒక్కరు కూడా లేనివి ఉంటే తీసేయాలి. ఇక సంస్కృతం అంటే మూడు సబ్‌గ్రూపులు, ఎంపీసీ అన్నా మూడు సబ్‌గ్రూపులు. ఎంపీసీ–సంస్కృతం రెండింటిలోనూ ఉంది కాబట్టి లెక్కలూ సంస్కృతమూ ఒక గంటలో పడవు. చాలా స్కూళ్లు డబ్బు పెట్టి కొనే ఏఎస్‌సీ టైమ్‌టేబుల్స్‌లోనూ, అది స్లొవేకియాలో తయారైనది, ఇదే సంగతి ఇంకో రూపంలో ఉంది. అక్కడ ఒకే విభజనలోని గుంపులు ఒకే వేళలో వేర్వేరు పాఠాలకు వెళ్లొచ్చు. వేర్వేరు విభజనల గుంపులు వెళ్లకూడదు, ఎందుకంటే వాటిలో ఒకే పిల్లవాడు ఉండే అవకాశం ఉంది. భాషలనూ గ్రూపులనూ కలగలిపి ఒకే విభజన కింద పెట్టారా, ఆ కాపలా పోయినట్టే.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే తప్పు ఇంకోటి ఉంది. అది అతిజాగ్రత్త వల్ల వచ్చేది. ఎందుకొచ్చిన గొడవ, ఫస్టియర్ మొత్తం ఒకటే అని పెట్టేద్దాం అనుకుంటారు కొందరు. రోజుకు ఏడు పీరియడ్లు, ఆరు రోజులు, వారానికి 42. ఇంగ్లీషుకు 5, లెక్కలకు 12, ఫిజిక్స్‌కి 8, కెమిస్ట్రీకి 8, భాషకు 5 అనుకుందాం. ఎంపీసీకి మొత్తం 38. ఇంకా నాలుగు మిగులుతాయి. కానీ మూడు భాషలనూ ఫస్టియర్ మొత్తానికి రాసేస్తే కంప్యూటర్ లెక్కలో ప్రతి పిల్లా మూడు భాషలూ చదవాలి. 5 బదులు 15. మొత్తం 48. 42 గళ్లలో 48 పాఠాలు ఇమడవు. సాఫ్ట్‌వేర్ సాధ్యం కాదని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: భాషకు ఒక పీరియడ్ తగ్గించండి, లేదా జీరో పీరియడ్ పెట్టండి. పిల్లలు ఇంకో గంట ముందు రావాలి. వాడరేవు వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లకు ఆ గంట ఎంత బరువో తెలియక కాదు, పొరపాటు పీరియడ్ల లెక్కలో లేదనీ గుంపుల లెక్కలో ఉందనీ తట్టక. మొదటి తప్పు పిల్లను రెండు గదుల్లో కూర్చోబెడుతుంది. ఈ రెండోది లేని పాఠాలను ఆమె మీద మోపుతుంది.

చీరాలలో ఒకప్పుడు తేలియా రుమాళ్లు నేసేవాళ్లు. ఏషియా రుమాళ్లని అరబ్బు దేశాలకు ఎగుమతయ్యేవి. ఆ పని ఇప్పుడు ఎక్కువగా తెలంగాణలోని పుట్టపాకలో సాగుతోంది. ఆ నేతలో బొమ్మ మగ్గం మీద పుట్టదు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ నానబెట్టి, దారాలను లెక్క ప్రకారం కట్టలుగా విడదీసి, ముడులు వేసి, ఎరుపులోనూ నలుపులోనూ ముంచుతారు. ఏ దారం ఏ కట్టలో పడిందో అక్కడే బొమ్మ ఖాయమైపోతుంది. దారం వేరే కట్టలో పడితే ఎంత నేర్పున్న నేతగాడైనా మగ్గం మీద దాన్ని దిద్దలేడు. టైమ్ టేబుల్ సాఫ్ట్‌వేర్‌లో బటన్ నొక్కడం మగ్గం దగ్గరి పని. గుంపులు కట్టడం అంతకుముందటి పని, దానికే ఎక్కువ తీరిక కావాలి. మనం చేసేది తిరగబడి ఉంటుంది. ఒక మధ్యాహ్నంలో పేర్లన్నీ టైపు చేసి, మిగతా వారమంతా బటన్ నొక్కుతూ కూర్చుంటాం.

ఈ పని ఎందుకింత చిక్కో తెలుసుకోవాలనిపించి కొంత చదివాను. హంగరీ గణితవేత్త డేనెష్ కోనిగ్ 1916లో నిరూపించిన ఒక సిద్ధాంతాన్ని మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ఒక పాఠానికి ఒక మాస్టారు, ఒక సెక్షన్ మాత్రమే ఉంటే, ఏ మాస్టారికీ ఏ సెక్షన్‌కీ వారంలో ఉన్న పీరియడ్లకు మించి పని లేకపోతే, వేరే షరతులేవీ లేకపోతే, టైమ్ టేబుల్ తప్పకుండా కుదురుతుంది. ఎన్ని సెక్షన్లున్నా సరే. ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. డ్రాయింగ్ షీటు మీద ఏళ్ల తరబడి రబ్బరు అరగదీసినవాళ్లందరి నమ్మకానికి ఒక రుజువు దొరికినట్టయింది. టైమ్ టేబుల్‌ను కంప్యూటర్‌కు అప్పగించే ఆలోచనకు కెనడాలో కాల్విన్ గాట్లీబ్ 1962లో ఒక రూపం ఇచ్చాడు. 1976లో షిమోన్ ఈవెన్, అలోన్ ఇతాయ్, ఆది షమీర్ ఇంకో సంగతి చూపించారు. మాస్టార్లకు ఫలానా వేళల్లో వీలు కాదన్న షరతు చేరగానే ఈ లెక్క గణితంలో చాలా కఠినమైన లెక్కల కోవలోకి వెళ్లిపోతుంది. అన్ని సందర్భాల్లోనూ త్వరగా తేల్చే పద్ధతి అలాంటి లెక్కలకు ఎవరి దగ్గరా లేదు. మా రైలు మాస్టార్ల ఫస్ట్ పీరియడ్ విన్నపాలు సరిగ్గా ఆ షరతులే. ఇక ఒక పాఠం రెండు మూడు గుంపుల్ని కలిపి పట్టుకున్నప్పుడు కోనిగ్ ఇచ్చిన హామీ కూడా వర్తించదు. జూనియర్ కాలేజీలో రెండూ ఉన్నాయి.

అలాంటి లెక్కను ఫెట్ ఎలా నెట్టుకొస్తుందో చూస్తే నాకు మా డ్రాయింగ్ షీటు రోజులే కళ్ల ముందు మెదులుతాయి. కష్టమైన పాఠాలను ముందు కూర్చోబెడుతుంది. ఒకదానికి చోటు దొరక్కపోతే, అడ్డమున్నవాటిని లేపి దీన్ని పెట్టి, లేపినవాటికి ఇంకో చోటు వెతుకుతుంది. చేత్తో వేసేవాళ్లు చేసేదీ అదే, కాకపోతే కంప్యూటర్ అలసిపోదు. మనిషిలా కళ్లెత్తి వరండాలోకి చూసి, "ఈ పిల్ల ఇందాక ఆ గదిలో ఉంది కదా" అనుకోదు కూడా.

అధ్యాపకుల గుంపులు కట్టడంలోనూ జాగ్రత్త కావాలి. అక్కడ తప్పులు చిన్నగా కనిపిస్తాయి. ఒకే మాస్టారు ఫిజిక్స్ జాబితాలో ఇంటిపేరుతో, లెక్కల జాబితాలో ఇంటిపేరు లేకుండా ఎక్కితే కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. ఆయన ఒకే గంటలో రెండు చోట్ల ఉండాల్సి వస్తుంది. ప్రాక్టికల్‌కి ముగ్గురు లెక్చరర్ల పేర్లు ఒకే పాఠం కింద రాస్తే ముగ్గురూ ఒకేసారి ల్యాబ్‌లో ఉండాలని అర్థం. ఒక్కొక్కరు ఒక్కో బ్యాచ్ తీసుకుంటారని చెప్పదలిస్తే మూడు పాఠాలుగా విడదీయాలి. పీఈటీ ఆరు ఏ, ఆరు బి సెక్షన్లను కలిపి గ్రౌండ్‌కి తీసుకెళ్తే అది రెండు సెక్షన్లున్న ఒక పాఠం. రెండు పాఠాలుగా రాస్తే ఆయన వారం ఉన్నదానికి రెట్టింపు బరువు చూపిస్తుంది. ఆయన సమయం నిండిపోయిందని సాఫ్ట్‌వేర్ మొండికేస్తుంది. తీరా చూస్తే ఆయన చెట్టు కింద ఖాళీగా ఉంటాడు. భాషల సంగతిలో ఇంకో ముడి ఉంది: తెలుగు, సంస్కృతం, హిందీ మూడూ ఒకే వేళకు మొదలవ్వాలని విడిగా చెప్పాలి. చెప్పకపోతే సంస్కృతం ఒక గంటలో, హిందీ ఇంకో గంటలో పడి, ప్రతి గంటలోనూ మిగతా పిల్లలు ఖాళీగా ఉంటారు. నిబంధనల ప్రకారం అదీ తప్పు కాదు. కానీ ఎంపీసీ పిల్లల వారమంతా చిల్లులు పడి ఉంటుంది.

ఈ మొత్తంలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ఒక్కరే ఉన్న సబ్‌గ్రూప్. ప్రతి ఏడాదీ ఏదో ఒక గడిలో ఒక్క పేరే మిగులుతుంది. వేటపాలెం నుంచి వచ్చే ఒక అమ్మాయి సీఈసీలో హిందీ తీసుకుంది, ఆ గ్రూపులో హిందీకి ఇంకెవరూ లేరు. నామినల్ రోల్ చూస్తున్న కుర్రాడు, "ఒక్కరికోసం సబ్‌గ్రూప్ ఎందుకు సార్, తీసేద్దామా?" అని వాళ్ల సార్‌ని అడిగాడు. అడగడంలో తప్పు లేదు. తీసేస్తే టైమ్ టేబుల్ చాలా తేలికవుతుంది. హిందీ లెక్చరర్‌ను సీఈసీ గంటల్లో ఎక్కడైనా వాడుకోవచ్చు. కానీ అప్పుడు ఆ అమ్మాయి వారంలో కొన్నిసార్లు సివిక్స్ వినాలా హిందీ వినాలా అని తనే తేల్చుకోవాలి. ఇంట్లో మగ్గం గుంట పక్కన కూర్చుని చదువుకునే పిల్ల, అడ్మిషన్ ఫారంలో తను రాసుకున్న భాషను తను వదులుకోవాలి. అరవై మంది ఉన్న సబ్‌గ్రూపుకూ ఒక్కరే ఉన్న సబ్‌గ్రూపుకూ ఆ తెర మీద ఒకే గడి ఉంటుంది, రెండింటికీ ఒకే కాపలా ఉంటుంది. యంత్రాల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే గుణం అది. ఒక్కరే ఉన్నారు కదా అని అది తగ్గించి చూడదు. తీసేయడం, ఉంచడం మన చేతిలో ఉంది. మేం ఉంచాం. దానికోసం ఎకనామిక్స్ లెక్చరర్ శనివారం చివరి గంట ఒప్పుకున్నారు. ఆయన ఒంగోలు వెళ్లే బండి మార్చుకోవాల్సి వచ్చింది.

2025-26 నుంచి ఈ పని మరో మలుపు తిరిగింది. ఇంటర్ బోర్డు బోటనీ, జువాలజీలను ఒకే బయాలజీగా కలిపింది. రెండు లెక్కల పేపర్లను ఒకటి చేసింది. లెక్కలూ బయాలజీ రెండూ చదవదలచిన పిల్లలకు ఎంబైపీసీ దారి తెరిచింది. పిల్లల వైపు నుంచి చూస్తే మంచి మార్పు, డాక్టరో ఇంజనీరో పదహారేళ్లకే తేల్చుకోమనడం న్యాయం కాదు. టైమ్ టేబుల్ వైపు నుంచి చూస్తే పునాది కదిలింది. ఎన్నో ఏళ్లుగా లెక్కలూ బయాలజీ ఒకే గంటలో పక్కపక్క గదుల్లో నడిచేవి. ఎంపీసీ ఇటు, బైపీసీ అటు. ఎంబైపీసీ తీసుకున్న పిల్ల ఒక్కరు చేరినా ఆ రెండు గంటలూ విడిపోవాలి. పాత ఫైలు తెరిచి, ఇంకో గ్రూపుగా ఎంబైపీసీ అని కింద చేర్చి, దానికి విడిగా లెక్కల పాఠాలూ విడిగా బయాలజీ పాఠాలూ రాస్తే, ఉన్న లెక్చరర్ల మీద గంటలు మించిపోవచ్చు. అప్పుడు సాఫ్ట్‌వేర్ సాధ్యం కాదని చెప్పి ఆగిపోతుంది. ఎవరికీ విడి పాఠం అక్కర్లేదు. లెక్కలకు ఎంపీసీతో, బయాలజీకి బైపీసీతో కూర్చుంటే సరిపోతుంది. సీఈసీని అలాగే ఉంచి, మిగతావాళ్లను లెక్కలు, బయాలజీ, ఈ రెండూ అని మూడు పాయలుగా విభజన కొత్తగా రాసి, లెక్కల పాఠంలో మొదటి పాయనూ మూడో పాయనూ, బయాలజీ పాఠంలో రెండో పాయనూ మూడో పాయనూ చేర్చాలి. అప్పుడు ఎవరూ కొత్తగా రాకుండానే పని జరుగుతుంది.

అందుకే గుంపులు కట్టే పని టైపు బాగా వచ్చిన వాళ్లకు కాక, ఆ పిల్లల్ని ఎరిగినవాళ్లకు ఇవ్వాలని ప్రిన్సిపాల్‌ను కలిసిన ప్రతిసారీ అడుగుతున్నాను. సాఫ్ట్‌వేర్ కొన్నచోట అమ్మినవాళ్లు పంపే కుర్రాళ్లు చురుకైనవాళ్లే. కానీ వాళ్ల చేతికి వచ్చేది గ్రూపులవారీ అంకెల పట్టిక. అందులో సంస్కృతం 34 అని ఉంటుంది, ఆ 34 మంది ఎవరో ఉండదు. అడ్మిషన్లు మొదటి విడతతో అయిపోవు. పిల్లలు భాష మార్చుకుంటారు, గ్రూపు మార్చుకుంటారు, టీసీ తీసుకుని వెళ్లిపోతారు. మొదటి వారం ఖాళీగా ఉన్న గడిలో ఆ తర్వాత ఇద్దరు చేరొచ్చు. భాషా అధ్యాపకులు ముగ్గురూ హాజరు పుస్తకాలు పట్టుకుని కూర్చుని, ఒక్కో పేరూ చదివి, ఈ పేరు మీ పుస్తకంలో ఉందా, మా పుస్తకంలో ఉందా అని సరిచూసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. అది అయ్యాకే కంప్యూటర్ తెరవాలి. రెండో విడత అడ్మిషన్లు ముగిశాక ఇంకోసారి కూర్చోవాలి. ఆ రోజు పాఠాలు లేకుండా చూడమని ఈసారి రాతపూర్వకంగానే ఇచ్చాను.